కుడి చెంప మీది పుట్టుమచ్చ

నా జీవితంలో నేను సంపూర్ణంగా శాస్త్రీయంగా ప్రవర్తించిన రోజు ఒకటుంది. మా అత్తగారు మూడు వారాలపాటు నాతో మాట్లాడకపోవడానికి ఆ ఒక్కరోజే కారణం.

అప్పటికి నేను బందరులో భౌతికశాస్త్రం చెప్పే కొత్త లెక్చరర్‌ని, అంతకంటే కొత్త అల్లుడిని. ఆకాశం నల్లబడి ఉన్నా, వాన వస్తుందన్నవారిని ఆధారం చూపించమనే రకం. బంటుమిల్లి నుంచి వచ్చిన అత్తగారిని ఒక శనివారం కలంకారీ చీర కొనడానికి పెడన తీసుకెళ్లాను. అచ్చులు వేసే షెడ్డు ముందు ఆవిడ ఠక్కున ఆగిపోయారు. కారు పక్కన నిలబడి ఉన్న స్త్రీ, తాను రోజూ చూసే సీరియల్లో కోడలిని రాచి రంపాన పెట్టే అత్త అట. ఆవిడతో ఒక్క ఫొటో దిగి, మర్నాడు చర్చిలో స్త్రీల సమాజానికి చూపించాలని అత్తగారి ఆశ. అక్కడ ఎవరూ తన మాట లెక్కచేయరని ఆవిడకు ఎప్పటినుంచో బాధ.

“పోలిక వేరు, ఆధారం వేరు అత్తయ్యగారూ,” అని ఫోను తీశాను. ఆ నటి స్వయంగా తీసుకుని పెట్టుకున్న సెల్ఫీ దొరికింది. అందులో పుట్టుమచ్చ కుడి చెంప మీద ఉంది. ఎదురుగా ఉన్నావిడకు ఎడమ చెంప మీద.

“టీవీలో ఎడమవైపే కదండీ అల్లుడుగారూ నేను చూసింది?”

“జ్ఞాపకం సాక్ష్యం కాదండీ. చెంపలు మారడానికి పుట్టుమచ్చేమైనా బంటుమిల్లి బస్సా?”

మా వాదన విని కారు పక్కనున్నావిడే దగ్గరకు వచ్చి, ఫొటో కావాలా అమ్మా అని అడిగింది. అత్తగారు కొంగు సర్దుకున్నారు. నేను అడ్డుపడ్డాను.

“శ్రమపడకండి. మీరు ఆవిడ కాదని నిరూపణ అయిపోయింది.”

ఆవిడ నా ఫోన్లోకి తొంగిచూసి, “మాస్టారు తేల్చేశాక నేనెవర్నండీ కాదనడానికి?” అని నవ్వుతూ కారెక్కి వెళ్లిపోయింది. నేను పతకం గెలిచినవాడిలా నిలబడ్డాను.

ఇదంతా చూసిన అచ్చుల పెద్దాయన రంగు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నెమలి చెక్కిన కొయ్య అచ్చు నాకు చూపించి, దాన్ని ఒక గుడ్డముక్క మీద అద్దాడు. కొయ్య మీద ఎడమకు చూస్తున్న నెమలి గుడ్డ మీద కుడికి తిరిగింది.

“సెల్ఫీ కూడా ఇంతేనండి, అద్దంలో బొమ్మలాగా తిరగబడుద్ది. మా మనవరాలి ఫోన్లో రోజూ చూస్తాను. ఆవిడ ఆవిడేనండి బాబూ. ఇందాకే, వచ్చినోళ్లు రాసే మా పుస్తకంలో సంతకం పెట్టింది.”

ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు గానీ, నా చేతిలోని ఫోను చూసి మాత్రం నాకు అద్దం గుర్తుకు రావలసింది. అద్దాల పాఠం నేను తరగతిలో ముగించి అప్పటికి రెండు రోజులే.

కారు దుమ్ము లేపుతూ వెళ్లిన దారి వంకే చూస్తూ, అత్తగారు మూడు వారాల మౌనానికి ముందు ఆఖరి మాట అన్నారు.

“ఆ సీరియల్లో ఆవిడ అంత గయ్యాళి ఎందుకైందో ఇప్పుడర్థమైంది. ఆవిడకీ ఎక్కడో ఓ అల్లుడు ఉండే ఉంటాడు.”

అక్కడే, ఆ కొయ్య నెమలి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకపై వీధిలో నటి కనబడినా, సాక్షాత్తూ దేవదూతే దిగివచ్చినా, ముందు అత్తగారిని పక్కన నిలబెట్టి ఫొటో తీస్తాను. నిరూపణ ఇంటికి వెళ్లాక, అదీ ఎవరూ వినకుండా చేసుకుంటాను.