ఉత్తుత్తి పిన్నులు

కత్తులు చేసి పిడులు బిగించే మేస్త్రీకి కళ్ళు నెత్తికెక్కి చాలా కాలమైంది. చేత్తో చేసిన కత్తి అంటే ఆయనదే అని నలుగురూ అన్నారు, ఆయన నమ్మేశాడు. అంతటితో ఆగితే బాగుండేది. కొనడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి, పిడి చివర తాడు దూర్చడానికి పెట్టిన ఇత్తడి గొట్టంలోంచి చూడమనేవాడు.

"అవతలి వీధి కనిపిస్తోందా? అటు నుంచి ఇటు వచ్చిందయ్యా ఇత్తడి! మన పనంటే అదీ!"

గొట్టం నిజమైనదే. బోలుగా ఉండేదానితో అబద్ధమాడించడం ఆయన తరం కాలేదు. మోసమంతా దాని ముందున్న రెండు పిన్నుల్లో ఉంది. పిన్ను పిడికున్న రెండు చెక్కల్లో ఒకదానిలో దూరి, మధ్యనున్న ఉక్కును దాటి, అవతలి చెక్కలో తేలాలి. అప్పుడు రెండు కొసలనూ సుత్తితో కొట్టి బిగిస్తే పిడి కదలదు. కానీ గట్టి ఉక్కుకు చిల్లు వేస్తుంటే డ్రిల్లు ముక్క విరుగుతుంది, భుజం లాగుతుంది, మహానుభావుడికి అంత ఓపిక ఎక్కడిది? గొట్టానికి మాత్రం ఒక్క చిల్లు వేసి, పిన్నుల చోట అటొక ఇత్తడి ముక్క, ఇటొక ఇత్తడి ముక్క జిగురుతో అంటించి, పైన పాలిష్ పట్టేవాడు. తళతళా మెరిసేవి.

ఈయన గొప్పలకు ఊరంతా డప్పు కొట్టింది భార్య, పాపం. ఆమె ఒక క్యాంటీనులో వంట చేస్తుంది. మా ఆయన చేసిన కత్తి అంటూ, అక్కడ కూరగాయలు తరిగే ఆవిడ చేత కూడా ఒకటి కొనిపించింది.

ఒక మధ్యాహ్నం ఆ కత్తి పిడి చెక్క గొట్టం దగ్గర విరిగి ఊడొచ్చి, ఆవిడ అరచేయి తెగింది. సాయంత్రం భార్య ఆ ముక్కలను తెచ్చి భర్త ముందు పెట్టింది. ఉక్కు మీద పిన్నులకు చిల్లులే లేవు.

"ఏమిటండీ ఇది?"

"కూరలు తరుక్కునేవాళ్ళకు అంతకన్నా ఎందుకు? ఎవడు విప్పి చూస్తాడు?" తల కూడా ఎత్తలేదు పెద్దమనిషి. "నువ్వెందుకు కంగారు పడతావు? నీ కత్తికి పిన్నులు ఉక్కులోంచే దింపాను. నీ చేతికేం కాదులే."

ఆ మాటకు పెళ్ళాం మురిసిపోతుందనుకున్నాడు, సిగ్గులేని మనిషి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున తన కత్తి తీసుకుంది. అమ్మకానికి పెట్టినవాటిలోంచి ఇంకొకటి తీసుకుంది. రెండూ సంచిలో వేసుకుంది.

"నాది ఆవిడకిస్తాను. ఇవాళ్టి నుంచి దీంతో నేను తరుగుతాను," అని బయల్దేరింది.

అప్పటికి గానీ అయ్యగారికి గుండె జారలేదు. బనియను మీదే వీధి మలుపు దాకా పరిగెత్తి సంచి పట్టుకున్నాడు.

"చెయ్యి తెగుతుందే! ఇలా ఇవ్వు!"

"ఇస్తాను. ముందు ఇలాంటివి ఎవరెవరు కొన్నారో చెప్పండి. వాళ్ళనీ ఇలాగే ఆపుదాం."

ఆయనకు ఏ కత్తికి ఏ చెక్క వేశాడో, ఏది ఎలా మెరిసిందో అన్నీ గుర్తున్నాయి. కొన్నవాళ్ళ ముఖం ఒక్కటీ గుర్తు రాలేదు. ఆమె సంచి విడిపించుకుని వెళ్ళిపోయింది. జనం సంచులు పట్టుకుని పనులకు పోతున్నారు. మేస్త్రీ అక్కడే నిలబడి, వచ్చే పోయే ప్రతివాళ్ళ చేతుల వైపూ భయంగా చూడసాగాడు.