మాటల దవాఖాన

జడ్చర్లలో రైలు గేటు దాటి, ధాన్యం అమ్మే గంజి వైపు పోతుంటే, పల్లీనూనె మిల్లు గోడను ఆనుకొని రెండు అర్రల పెంకుటిల్లు ఉండేది. అందులో ఒక సేవా సంఘం నడిచేది. ముందరి అర్రలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేవారు, పాలపొడి పంచేవారు. వెనక అర్రలో జానమ్మ కూర్చునేది. ఆమె పని ఏమిటో ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు.

మనసు చెదిరినవాళ్లను, తాగుడు మానలేనివాళ్లను, ఇంట్లో పొద్దస్తమానం కొట్లాటలయ్యేవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల గోడు వినాలి, వాళ్లతో మాట్లాడాలి. రాలేనివాళ్ల ఇంటికి తానే పోవాలి. పందొమ్మిది వందల అరవై రెండులో ఇదొక నౌకరీ అంటే ఎవరు నమ్ముతారు? "సూది లేదు, గోలీ లేదు, గిదేం దవాఖాన?" అని మొహం మీదే అడిగేవాళ్లు. కొన్నాళ్లకు మిల్లు హమాలీలు దానికి మాటల దవాఖాన అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

జానమ్మది కోస్గి దగ్గర పల్లె. తల్లిదండ్రులు దొరల పొలాల్లో కూలి చేసినవాళ్లు. మిషన్ బడిలో చదివి, నర్సుపని కొంత నేర్చి, ఈ పనికి హైదరాబాదులో ట్రైనింగు తీసుకొని వచ్చింది. ఆమె భర్త ఇస్రాయేలు రైల్వేలో గేట్‌మన్. మెతక మనిషి. సాయంత్రం ఇంటికి రాగానే జానమ్మ చెప్పులు విసిరిన చప్పుడును బట్టి ఆ రోజు ఎట్లా గడిచిందో తెలుసుకొని, ఏమీ అడగకుండా పొయ్యి మీద చాయ పెట్టేవాడు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మైసయ్య అనే రైతు వచ్చాడు. తలపాగ తీసి చేతిలో పట్టుకొని గడప అవతలే నిలబడ్డాడు.

"నా పెండ్లాం మాట్లాడుత లేదమ్మా."

"నీతోనా, అందరితోనా?"

"ఎవ్వలతోని మాట్లాడది. పని చేస్తది, వండుతది, పిల్లగానికి పాలిస్తది. నోట్లకెల్లి మాట ఎల్లదు. సంక్రాంతి పోయినంక గిట్లయింది. మైసమ్మకు కోడిని కోసినం, తాయెత్తు కట్టిపిచ్చినం. ఏం ఫాయిదా లేదు."

"ఆమెను ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

"ఎవలేమంటరు? మా ఇంట్ల లొల్లే ఉండదు."

లొల్లే ఉండదన్న ఇండ్ల సంగతి జానమ్మకు బాగా తెలుసు. మరునాడు బస్సు దిగి, పొలాల నడుమ నడిచి ఆ ఊరికి పోయింది.

మైసయ్య భార్య నర్సింగమ్మకు ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. సన్నటి మనిషి. చంకలో పిల్లవాడితో వచ్చి జానమ్మ ఎదుట కూర్చుంది. కూర్చోవడమంటే, జానమ్మ బయట పశువుల కొట్టం ముందర, ఆమె వాకిట్లో. జానమ్మ క్రైస్తవురాలు, పైగా ఏ వాడలో పుట్టిందో ఊరికి ఎరుకే. మైసయ్య తల్లి రామమ్మ మంచినీళ్లు తెచ్చి దోసిట్లో పైనుంచి పోసింది. ఈ నీళ్ల తంతు జానమ్మకు కొత్త కాదు. అయినా ప్రతిసారీ కడుపు మండేది. దూప అయితది కాబట్టి తాగేది.

"పానం ఎట్లుంది చెల్లె?" అని జానమ్మ నర్సింగమ్మను అడిగింది.

"మంచిగనే ఉంది," అంది రామమ్మ.

"రాత్రి నిద్ర పడుతాందా?"

"పండితే లేవది," అంది రామమ్మ.

"అవ్వా, నేను ఆమెను అడుగుతున్న."

"అది మాట్లాడది కదా, అందుకే నేను చెప్తున్న."

వారం వారం ఇదే వరస. రామమ్మను పక్కకు పంపడానికి జానమ్మ ఎన్ని తంటాలు పడ్డా ముసలామె కదిలేది కాదు. చింతపండు గింజలు తీస్తూ అక్కడే కూర్చునేది. పొలం నుంచి వచ్చిన మైసయ్య "ఇంకెన్ని దినాలు పడతదమ్మా?" అని అడిగేవాడు, బావి పూడిక తీసేవాణ్ని అడిగినట్టు. ఎదుటివాళ్లను మాట్లాడనివ్వాలి, తొందర పెట్టకూడదు, మౌనాన్ని ఓర్చుకోవాలి అని ట్రైనింగులో చెప్పారు. చెప్పినావిడ ఫ్యాను కింద కూర్చొని చెప్పింది. చైత్రమాసపు ఎండలో కొట్టం ముందర, ఈగలు ముసురుతుంటే మౌనాన్ని ఓర్చుకోవడం వేరు.

సంఘం కార్యదర్శి వెంకటయ్య ఇంకొక తలనొప్పి. రిటైరైన బడిపంతులు. పాలపొడి అయితే ఎంత పంచామో చెప్పుకోవచ్చు, జానమ్మ పని ఎట్లా చూపించేది అని ఆయన బాధ.

"ఇన్నిసార్లు పోయి వచ్చినవు. ఒక్క మాటన్నా అన్నదా?"

"లేదు సార్."

"మరి ఏం చేసి వస్తున్నవమ్మా?"

"కూసొని వస్తున్న సార్."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతి వారం బస్సు ఆలస్యమైంది. తొవ్వలో జానమ్మ చెప్పు తెగింది. కాలే మట్టిలో ఒక కాలితో కుంటుకుంటూ వచ్చేసరికి, రామమ్మ ఇంట్లో లేదు. ఎవరో చనిపోతే పక్క ఊరికి పోయింది. ఇన్నాళ్లు కోరుకున్న ఏకాంతం దొరికింది. జానమ్మ ఎంతో మెల్లగా, ప్రేమగా అడిగింది. నర్సింగమ్మ పిల్లవాడి తల నిమురుతూ నేల చూసింది. మళ్లీ అడిగింది. మళ్లీ నేల చూపే.

జానమ్మకు ఎక్కడో పుటుక్కున తెగింది.

"మాట్లాడకు తల్లీ, మాట్లాడకు! నాకేం పోయింది? గీ ఎండల చెప్పు తెగి, కాలు కాలి, నీ అత్త పైకెల్లి పోసే నీళ్లు తాగుకుంట నేను వస్తున్న సూడు, నాకు బుద్ధి లేదు. ఆడ మా సారు ఏం చేసినవు ఏం చేసినవు అని పానం తీస్తుండు. ఈడ నీ మొగడు ఎన్ని దినాలు అంటడు. ఊళ్లె అందరు నన్ను సూసి నవ్వుతరు. మా ఇస్రాయేలు ఒక్కడే ఏం అనడు, గాయన ఏం అనకుంటే గూడ నాకు కోపమొస్తది!"

అనేసి నాలుక కరుచుకుంది. నేర్చుకున్నదంతా మట్టిలో కలిసింది. లేచి, తెగిన చెప్పు చేతిలోకి తీసుకుంది.

"గిట్ల ఒర్రితే మీ ఆయన ఊకుంటడా, అక్కా?"

గొంతు బొంగురుగా, చాలా రోజులు వాడని గిరకలాగా వచ్చింది. జానమ్మ ఉన్నచోటే కూలబడింది.

"ఊకుంటడు," అంది. "చాయ పెట్టిస్తడు."

నర్సింగమ్మ నవ్వలేదు. ఆ మాట నిజమో కాదో చూస్తున్నట్టు జానమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పింది. వీడికన్నా ముందు ఒక ఆడపిల్ల ఉండేది, మూడేళ్లది. సంక్రాంతి అయిన వారానికి జ్వరమొచ్చింది. పిల్ల కండ్లు తేలేస్తుంటే, బండి కట్టుండ్రి, జడ్చర్ల దవాఖానకు పోదాం అంది. అత్త నోరు ముయ్యి, నీకేం ఎరుక అంది. భర్త విని ఊరుకున్నాడు. పొద్దుగూకేసరికి మళ్లీ అంది. మళ్లీ అదే మాట. తెల్లారేసరికి పిల్ల లేదు.

"ముయ్యమన్నరు. మూసిన," అంది నర్సింగమ్మ.

జానమ్మ చేతిలోని చెప్పు కింద పెట్టింది. మైసయ్య మొదటిరోజు పిల్ల ఊసే ఎత్తలేదు. తానూ అడగలేదు.

నర్సింగమ్మ ఒప్పుకున్నాకే, రామమ్మను, మైసయ్యను ఎదుట కూర్చోబెట్టి జానమ్మ ఆ సంగతి తీసింది. తప్పు తెలిసి ఏడుస్తారనుకుంది.

"నేనన్ననా? నాకు యాదిలేదు," అంది రామమ్మ. "అంటే అన్ననేమో. ఇంట్ల సవాలక్ష అనుకుంటం. దానికి నోరు మూసుకుంటరా ఎవరన్న?"

మైసయ్య, "పిల్లకు గంతే రాసిపెట్టి ఉంది," అన్నాడు.

జానమ్మకు వాళ్లిద్దరినీ పట్టుకొని ఊపేయాలనిపించింది. "రాసిపెట్టింది ఏందో నాకు ఎరుక లేదు," అంది. "ఆమె చెప్పింది, మీరు ఇనలే. గదొక్కటి ఒప్పుకో మైసయ్యా. ఆమెతోని అను." మైసయ్య తల దించుకున్నాడు. అప్పుడైతే అనలేదు. నర్సింగమ్మ మాత్రం ఆ తర్వాత వాకిలి దాటి వచ్చి, కొట్టం ముందర జానమ్మ పక్కనే కూర్చొని మాట్లాడేది. ఇంట్లోవాళ్లతో మాత్రం మాట లేదు.

ఈ కబురు విని వెంకటయ్య సంబరపడిపోయాడు. జీపులో ఒక అధికారిని, పూలదండను వెంటబెట్టుకొని ఆ ఊరికి బయల్దేరాడు. వద్దు సార్ అని జానమ్మ మొత్తుకున్నా వినలేదు. ఊరంతా పోగైంది.

"ఏదీ, సార్‌కు నీ పేరు చెప్పమ్మా," అన్నాడు వెంకటయ్య.

నర్సింగమ్మ నేల చూసింది. ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. తిరుగుదారిలో వెంకటయ్య జానమ్మ వైపు చూడకుండా, "అబద్ధాలు చెప్పడం మంచిది కాదు," అన్నాడు. జానమ్మ జీపు ఆపించి దిగి, మిగతా దూరం నడిచిపోయింది.

వానలు పడ్డాక, పొలాల్లో జొన్న మోకాలెత్తు వచ్చిన రోజుల్లో నర్సింగమ్మ కొడుక్కు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లవాణ్ని జడ్చర్ల దవాఖానలో చేర్చి, ఏం జరిగిందో మైసయ్యే వచ్చి చెప్పాడు. రామమ్మ వాము నూరుతుంటే నర్సింగమ్మ వాకిట్లోకి వచ్చి, "బండి కట్టు," అందట. ఇరుగుపొరుగు బయటికి వచ్చేంత గట్టిగా. రామమ్మ ఏదో అనబోతే మైసయ్య అడ్డం వచ్చి, "నువ్వు జర ఆగే అమ్మా, పోయినసారి గూడ ఇది చెప్తే మనం ఇనలే," అన్నాడట. అని ఎద్దులను విప్పుకొచ్చాడట.

జానమ్మ పరుగున దవాఖానకు పోయేసరికి పిల్లవాడికి సెలైను ఎక్కుతోంది. నర్సింగమ్మ కంపౌండరును నిలబెట్టి, ఆ సీసా అయిపోతే ఎవరు మారుస్తరు, డాక్టరు మళ్లీ ఎప్పుడొస్తడు అని నిలదీస్తోంది. అతను "ఎవరమ్మా ఈమె, పానం తీస్తాంది," అని జానమ్మతో మొర పెట్టుకున్నాడు. పిల్లవాడు నాలుగు రోజుల్లో తేరుకొని ఇంటికి పోయాడు.

ఆ దీపావళి ముందర రామమ్మ అంతదూరం నుంచి మాటల దవాఖానకు వచ్చింది. గడప బయటే నిలబడి రొప్పుతూ అంది:

"జానమ్మా, నువ్వు దాని నోరు తెరిపిస్తివి. ఇప్పుడు పొద్దుగాల లేస్తే పొద్దుగూకేదాక నన్ను ఒక్క మాట అననిస్త లేదు. నా మాట ఎవ్వలు ఇనరు."

జానమ్మ నెత్తి కొట్టుకుంది. వెళ్లిపొమ్మందామని నోటిదాకా వచ్చింది. ముసలామె కండ్లలో నీళ్లున్నాయి.

"లోపటికి రా అవ్వా, కూసో," అంది జానమ్మ, స్టూలు ముందుకు జరిపి. "ఏం జరిగిందో మొదటికెల్లి చెప్పు."

రామమ్మ గడప వైపు, స్టూలు వైపు మార్చి మార్చి చూసి, కొంగు దగ్గరికి లాక్కొని లోపలికి వచ్చి కూర్చుంది.