తలుపుకు కట్టిన వేపమండ

చెరకు తోటల దీవిలో, బ్రిజే వెర్దియేర్ అనే ఊళ్ళో పోలమ్మ ఇంటికంటే ముందు కనిపించేది ఆమె కొట్టమే. చెరకాకు కప్పిన చీకటి కొట్టం. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆమె బతుకు దాని చుట్టూనే తిరిగింది: చెరకు గట్ల మీద గడ్డి కోత, నెత్తిన మోపు, పాలు, పేడ. భర్త పోయాక అందులో మిగిలింది ఒక్క తెల్లావు. అదీ పక్కింటి దుకాణదారు రామలుది. మేపు ఆమెది, పాలు ఆమెవి, దూడ అతనిది.

ఆ ఆవుకు కడుపు నిలవడం లేదు. చూడి కట్టిందని సంబరపడేలోపే మళ్ళీ ఎదకు వచ్చి అరిచేది.

"ఈసారీ నిలవకపోతే కసాయికి ఇచ్చేస్తాను పోలమ్మా" అన్నాడు రామలు.

"దాని తాడు నా చేత్తో విప్పను మామా."

"నువ్వు విప్పకపోతే నేను విప్పుకుంటాలే."

ఎస్టేటు పశువులకు సూదులు వేసే మార్సెల్ ఒక మందు చెప్పాడు. గర్భాన్ని పట్టి ఉంచే హార్మోను, నూనెలా చిక్కగా ఉంటుంది, వారం వారం వేయాలి. "కానీ మదామ్, ఇది వేసినన్నాళ్ళు కడుపు ఖాళీ అయినా ఆవు ఎదకు రాదు. కొన్నాళ్ళయ్యాక నన్ను లోపల చెయ్యి పెట్టి చూడనివ్వాలి."

పోలమ్మ మొదటి సగమే విన్నది. చూలు నిలిస్తే తలుపుకు వేపమండ కట్టి, ఈనేదాకా పరాయి మనిషిని లోపలికి రానివ్వకపోవడం ఆమె అత్త నేర్పిన పద్ధతి. మార్సెల్ వచ్చిన రోజు ఆవును వెనక్కి నడిపించి గుమ్మం దగ్గర నిలబెట్టేది. అతను బయటినుంచే తొడకు సూది వేసేవాడు. చెయ్యి పెడతానంటే, "ఆయో! ఉన్నది జారిపోతుంది" అని తలుపు వేసేసేది. ఆవు అరవడం లేదు. రోజూ పొదుగు తడిమి, నిండుతోందని తనకు తానే చెప్పుకునేది.

దీవికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఊరు లారీలెక్కి పోర్ట్ లూయీ వెళ్ళింది. ఆవును వదిలి పోలమ్మ కదల్లేదు. మార్సెలూ వెళ్ళలేదు.

"స్వాతంత్ర్యం వద్దని ఓటేసినవాణ్ణి, నాకక్కడ పండగేం లేదు. ఇవాళైనా చూడనివ్వండి" అన్నాడు.

అప్పటికి పొదుగు నిండాల్సింది, నిండలేదు. ఆ సంగతి ఆమె చేతులకు ఎప్పుడో తెలుసు. పక్కకు తప్పుకుంది.

అతను మోచేతిదాకా చెయ్యి పెట్టి, చాలాసేపటికి తీశాడు. "ఖాళీ. మొదట్లోనే పోయింది."

"నీ మందు పట్టి ఉంచలేదా?"

"పోయినదాన్ని ఏ మందు పట్టి ఉంచుతుంది మదామ్?"

సూది ఆపితే ఆవు అరుస్తుంది, రామలు వింటాడు. వేయిస్తూ పోతే అరవదు, ఈనదు. మార్సెల్ సూది చేతబట్టుకుని నిలబడ్డాడు.

"వద్దు. ఎన్నాళ్ళని దాని నోరు మూస్తాం?" అన్నది పోలమ్మ.

సాయంత్రం రామలు చిన్న కొత్త జెండా తెచ్చాడు. "దూడ కొట్టానికి కట్టు" అన్నాడు నవ్వుతూ.

"దూడ లేదు మామా."

నవ్వు ఆగిపోయింది. "ఆదివారం కసాయిని రమ్మంటాను" అని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్నే ఆవు గోడలదిరేలా అరిచింది. పోలమ్మ తాడు విప్పింది. దాన్ని దుకాణం ముందునుంచే ఆబోతు దగ్గరికి నడిపించింది. వేరే దారి లేదు. రామలు పప్పు తూస్తూ ఆమె వైపు చూశాడు. ఆమె ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అతనే గుమ్మంలోకి వచ్చాడు. "ఈ ఆదివారానికి వద్దని చెబుతాలే. మళ్ళీ అరిచిందా, ఇక నన్నడక్కు."

ఆమె తల ఊపింది. ఆవును కట్టేసి, ఎండిన వేపమండ తీసి పొయ్యిలో పెట్టింది. కొత్తది కట్టలేదు. తలుపు తెరిచే ఉంచి, కొడవలి తీసుకుని గడ్డికి వెళ్ళింది. గడ్డి కోస్తున్నంతసేపూ చెవి ఇంటివైపే ఉంది.