తమ్ముడి యూనిఫాంలో గ్రీజు వాసన

తమ్ముడు చిరిగిన యూనిఫాం చొక్కా కుట్టమని ఇచ్చి వెళ్లాడు. అబ్బ, ఆ గ్రీజు వాసన! మల్కాపురంలో నాతో చదువుకున్న అమ్మాయిలూ, మన క్రాఫ్ట్ పీరియడ్ గుర్తుందా? అబ్బాయిలు ఇనుప పని నేర్చుకోడానికి రేకుల షెడ్డుకి, మనం కుట్టు గదికి.

ఇంట్లో నాన్న సైకిల్ చైను విప్పి బిగించేది నేనే. ఆ ధైర్యంతోనే షెడ్డు గుమ్మంలో నిలబడి, నేనూ వస్తానన్నాను.

"ఇనుముతో నీకేటి పనమ్మా? కుట్టు నేర్సుకుంటే ఇంటికాడే సేసుకోవచ్చు," అన్నారు మాస్టారు. నాన్న కూడా మాస్టారి మాటకే సరే అన్నాడు.

ఆ షెడ్డులో పని నేర్చిన తమ్ముడు ఇప్పుడు ఫిట్టర్. వాడికి నెల జీతం, పీఎఫ్, బోనస్. నాకు జాకెట్టుకింత అని కూలి, అదీ పండగలప్పుడే.

చిరుగు కుట్టేశాక, వాడు వచ్చేలోపు తలుపేసి ఆ చొక్కా ఒకసారి తొడుక్కున్నాను. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది.