మా రేవమ్మని లారీ ఎక్కించలేకపోయారు

ఆ రోజుల్లో రంగూన్ నడిబొడ్డున ఏ పాత భవనం ముందు నన్ను నిలబెట్టినా, దాని నక్షా గీసిన దొర ఎవరో, ఏ కంపెనీ డబ్బు పెట్టిందో, స్తంభాలు ఏ దేశపు పద్ధతివో ఒక్క ఊపిరిలో చెప్పేసేదాన్ని. ఆ ఇటుకలు ఎవరు మోశారని ఎవరూ అడిగేవారు కాదు, నేనూ చెప్పేదాన్ని కాదు. తెలియక కాదు. మోసినవాళ్ళ మునిమనవరాలిని నేనే. ఇరవై రెండేళ్ళ వయసు, మెళ్ళో ఆఫీసువాళ్ళు ఇచ్చిన గుర్తింపు కార్డు, చేతిలో టూరిస్టులకి కనబడేలా చిన్న జెండా, నోట్లో బట్టీపట్టిన ఇంగ్లీషు. ఇంత సరంజామా ఉన్న మనిషి, మా ముత్తాత రేవులో కూలీ అని ఎలా చెప్పుకుంటుంది? (ఉద్యోగంలో చేరేటప్పుడు మాది వ్యాపారస్తుల కుటుంబమని చెప్పాను. మా నాన్న టీ దుకాణంలో గ్లాసులు అందించేవాడు కాబట్టి అందులో అబద్ధం సగమే.)

మా యజమానిని అందరం గొడుగు సయా అనేవాళ్ళం. సయా అంటే ఇక్కడ గురువుగారు. గొడుగు ఎందుకంటే ఎండకీ వానకీ, ఆఖరికి ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూడా అది ఆయన చంకలో ఉండాల్సిందే. ఏ భవనం దగ్గర ఏం చెప్పాలో ఆయన కాగితం మీద రాసిచ్చేవాడు, అందులో ఒక్క మాట అటూ ఇటూ అయినా ఒప్పుకునేవాడు కాదు. ఒక్క ఆఖరి మజిలీ మాత్రం నా సొంతం. రేవు పక్కన సేక్కాన్ గోదాముల వెనక మా సందులో రేవమ్మ తల్లి ఉంది. నడుమెత్తు విగ్రహం, గుండ్రటి తల, ఒంటినిండా పసుపు, వెండి కళ్ళు, ముక్కుపుడక, చుట్టూ ఎర్రచీర. మొదటి రోజు ఒక టూరిస్టు ఈ దేవత ఎప్పటిదని అడిగాడు. తెలీదనడం నామోషీ అనిపించి రెండొందల ఏళ్ళన్నాను. ఆయన నోరు తెరిచి చూశాడు. ఆ చూపు నాకు బాగా రుచించింది. వారం తిరిగేసరికి ఐదొందలయింది. నెల తిరిగేసరికి వెయ్యేళ్ళయి, కళింగరాజు ఓడలో స్వయంగా పంపిన రాతి విగ్రహమయింది. మా మామ్మ అరుగు మీద కూచుని చుట్ట కాల్చుకుంటూ ఇదంతా వినేది. ఇంగ్లీషు రాదు కాబట్టి బతికిపోయాను.

అలా ఉండగా ఒక అమెరికా జంట వచ్చింది. ఇద్దరూ రిటైరైనవాళ్ళు. ఆయన వాళ్ళ దేశపు రేవులో పనిచేశాడు, ఆవిడ బట్టల మిల్లులో. సెలవు దొరికితే చాలు, తమ దేశంలో కార్మికులు బతికిన చోట్లు చూడ్డానికి బయల్దేరతారట. మూతపడ్డ మిల్లులు, గనివాళ్ళ ఇరుకు ఇళ్ళు, సమ్మె చేసినవాళ్ళు మీటింగు పెట్టుకున్న మైదానాలు, ఇవే వాళ్ళ పుణ్యక్షేత్రాలు. అక్కడ ప్రతిచోటా పనిచేసినవాళ్ళ పేర్లు చెక్కి పెడతారని ఆవిడ చెబుతుంటే, ఏం మనుషులు వీళ్ళు, డబ్బు పెట్టి కూలీల ఇళ్ళు చూస్తారా అనుకున్నాను. నాకు బట్టీ వచ్చిన దొరల పేర్లన్నీ వాళ్ళు మర్యాదగా విన్నారు. ప్రతి భవనం దగ్గరా ఆవిడ ఒకటే ప్రశ్న అడిగింది, దీన్ని మోసినవాళ్ళు ఎవరని. నా కాగితంలో అది లేదు. ప్రతిసారీ వినబడనట్టు జెండా ఎత్తి ముందుకి నడిచాను.

చివరికి రేవమ్మ దగ్గరికి వచ్చాం. నేను వెయ్యేళ్ళ కథ ఎత్తుకున్నాను. కళింగరాజు ఓడ ఇంకా బయల్దేరనేలేదు, ఆ పెద్దాయన అమ్మవారి గుండ్రటి తలకేసి, దాని కింద సన్నటి మెడకేసి చూసి, వంగి చీరంచు కింద ఒకసారి వేలితో తట్టాడు. ఖంగుమంది. రాయి అలా మోగదు. ఆయన నవ్వలేదు. నెత్తిన టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఇలాంటి ఇనప గుంజలకి ముప్ఫయ్యేళ్ళు ఓడల తాళ్ళు కట్టాను, దీన్ని ఎక్కడ చూసినా పోలుస్తాను అన్నాడు. వెయ్యేళ్ళ చరిత్ర వేలి దెబ్బకి పోయింది. అరుగు మీద మామ్మ దగ్గరికి పరుగెత్తి, మన రేవమ్మ ఓడలు కట్టే గుంజ అంటున్నాడు చూడు అని ఫిర్యాదు చేశాను.

మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. "గుంజే. మరేటనుకున్నావు? మీ ముత్తాతోళ్ళ ముఠా దీనికే ఓడలు కట్టీవోరు. పాత జెట్టీ కూలిపోయినపుడు ఇదొక్కటే మిగిల్తే, బుజాల మీద మోసుకొచ్చి ఇక్కడ పాతినారు. ఇంతమందికి అన్నం ఎట్టింది. అమ్మ అనక మరేటంటాం దీన్ని?"

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడిగితే కదా అంది. అప్పుడా పెద్దాయన గాల్లో చేతులు తిప్పుతూ తాడు ఎలా చుట్టాలో చూపించాడు. మామ్మ లేచి, తన చీర కొంగు తీసి రేవమ్మ మెడకి అదే వాటంలో చుట్టి, అదే వాటంలో ముడి బిగించింది. వాళ్ళ నాయన దగ్గర చిన్నప్పుడు చూసిందట. ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరి కళ్ళల్లో నీళ్ళు. మధ్యలో రెండు భాషలూ వచ్చిన నాతో వాళ్ళకి పనే పడలేదు.

ఆ ఉత్సాహంలో ఒక బుద్ధితక్కువ పని చేశాను. సాయంత్రం ఆఫీసుకి రాసే రిపోర్టులో, ఇది విగ్రహం కాదు, తెల్లవాళ్ళ కాలంనాటి రేవు గుంజ, మా ఊళ్ళో ఇలాంటిది ఇదొక్కటే మిగిలింది అని గొప్పగా రాశాను. గొడుగు సయాకి తెలిసినవాళ్ళు ఒక పాత భవనాన్ని పెద్ద హోటలు చేస్తున్నారు. ముందు హాల్లో అలంకరణకి పాతకాలపు సామాన్లు వెతుకుతున్నారు. దేవత అయినన్నాళ్ళు రేవమ్మ జోలికి ఎవరూ రాలేదు. గుంజ అని నేను రాసిన మూడోరోజు పొద్దున్నే సందులోకి లారీ వచ్చింది. గునపాలు, తాళ్ళు, నలుగురు కూలీలు, గొడుగుతో సయా. పీకి హోటలుకి పట్టుకుపోతే మళ్ళీ మా సందు మొహం చూడదని నాకు తెలుసు. ఆ హోటలు గుమ్మం మా మామ్మ ఈ జన్మలో ఎక్కలేదు. ఇది దేవుడు కదా అని సందులో వాళ్ళు అడ్డం వస్తే, సయా నా రిపోర్టు తీసి గాల్లో ఊపాడు. మీ పిల్లే రాసింది చదువుకోండి అన్నాడు. అందరూ నాకేసి చూశారు. ఆ చూపులు ఇప్పటికీ గుచ్చుకుంటాయి.

మామ్మ వెళ్ళి రేవమ్మకి వీపు ఆనించి చతికిలబడింది. సయాతో మాట్లాడలేదు. ఆ నలుగురు కూలీలనీ తనకొచ్చిన బర్మా మాటల్లో ఏ ఊరని అడిగింది. ఏటికి అవతల దలా నుంచి రోజూ ఫెర్రీలో వస్తామన్నారు. ఏం మోస్తారంటే, రేవులో బియ్యం బస్తాలన్నారు. అప్పుడు ఈ గుంజని ఎవరు మోసుకొచ్చారో, ఎందుకు పాతారో మొత్తం చెప్పింది. బర్మా మాట అందని చోటల్లా తెలుగు పెట్టేసింది. ఆఖరి మాట మాత్రం నావైపు తిరిగి వాళ్ళకి చెప్పమంది. "మోసినోళ్ళు పాతినారు. మోసినోళ్ళే తీస్తామంటే నానడ్డు రాను. మొక్కి తియ్యమను."

చెప్పాను. నలుగురిలో పెద్దాయన చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. మిగతా ముగ్గురూ విప్పారు. ఈ దేశంలో చెప్పులు విప్పాక ఇక గునపం ఎత్తేవాడు లేడు. చెప్పులు తొడుక్కోండని సయా కేకలేశాడు, ఎవరూ కదల్లేదు. ఇక ఆయనే గొడుగు నా చేతికిచ్చి, మామ్మ పక్కనుంచి చేతులు పోనిచ్చి రేవమ్మని కావలించుకుని ఊపాడు. అమ్మవారు చలించలేదు. సయా తెల్లచొక్కా మాత్రం మెడ నుంచి బొడ్డు దాకా పసుపూ నూనే అయింది. సందంతా నవ్వింది. ఆయన నా వైపు తిరిగి, వ్యాపారస్తుల ఇంటి పిల్లవి కదా, మీ ముసలావిడకి నువ్వే నచ్చచెప్పు అన్నాడు.

"మాది వ్యాపారస్తుల ఇల్లు కాదు సయా. మా ముత్తాత దీనికి ఓడలు కట్టిన కూలీ. ఇది మాది. తియ్యనివ్వం."

ఉద్యోగం అక్కడికక్కడే పోయింది. మెళ్ళో కార్డు లాగి ఆయన మొహాన కొడదామనుకున్నాను గానీ తాడు జడలో చిక్కుకుంది. (అంత గొప్ప తిరుగుబాటు మధ్యలో మామ్మ లేచి వచ్చి, కదలకే అని నన్ను తిడుతూ చిక్కు తీయాల్సి వచ్చింది. సయా పాపం అంతసేపూ నిలబడ్డాడు, గొడుగు కూడా నా చేతిలోనే ఉంది మరి.) లారీ ఖాళీగా వెళ్ళింది.

ఆ ఆదివారం ఆ నలుగురూ పెళ్ళాంపిల్లలతో ఫెర్రీ దిగి మా సందుకి వచ్చారు. కథ మళ్ళీ చెప్పమన్నారు. కాగితం లేకుండా నేను చేసిన మొదటి టూరు అదే. దొరల పేర్లు ఒక్కటీ చెప్పలేదు. ఊపు మీద, పూర్వం బస్తా ఇలా ఎత్తేవాళ్ళని వంగి అభినయించి చూపిస్తే, ఆ కూలీల్లో పెద్దాయన మొహమాటపడుతూనే, అమ్మాయ్, అలా ఎత్తితే నడుం పోతుంది అన్నాడు. పక్కింట్లోంచి నిజం బస్తా తెప్పించి, నా వీపు మీద పెట్టించాడు. పదడుగులు వేశాను. పదకొండోది పడలేదు.

ఈమధ్య టూరిస్టులు తక్కువ. ఒక్కరే వచ్చినా ఇప్పుడు నా సొంత టూరు రేవమ్మ దగ్గరే మొదలుపెడతాను. మీవాళ్ళు ఎంత దూరం మోసేవారని అడుగుతారు. నేను పదడుగులు మోశాను, రెండు రోజులు కూర్చుంటే లేవలేకపోయాను, మా ముత్తాత బతుకంతా మోశాడు, ఆయన పేరు ఈ ఊళ్ళో ఏ గోడ మీదా లేదు అని చెబుతాను. జెండా పట్టుకుని తప్పించుకుపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వూ వస్తుంది, గొంతూ కాస్త లేస్తుంది. దారినపోయేవాళ్ళు ఆగి, ఈవిడ ఎవరితోనో పోట్లాడుతోందనుకుంటారు. అనుకోనివ్వండి.