ఒక్క చీర కోసం పడుగు

పెట్టబోయే అంగడి నడుస్తుందో లేదో ముందే ఎట్లా తెలుస్తుంది జేజీ అని జాబులో అడిగావు కదా తల్లీ. తెలిసినవాళ్ళందరినీ అడిగి చూస్తున్నానని కూడా రాశావు. అడగొద్దు. అడిగితే అందరూ బాగుందనే అంటారు. నేను ఆ సంగతి ఒక చీర కట్టుకొని తెలుసుకున్నాను.

అప్పుడు మేము మైదుకూరు దగ్గర ఉండేవాళ్ళం. షావుకారు నూలు ఇచ్చేవాడు. మీ తాత నేసేవాడు, అత్తా నేనూ నూలును కండెలకు చుట్టేవాళ్ళం. చీరలు షావుకారే పట్టుకుపోయి కూలి ఇచ్చేవాడు. అన్నీ తెల్ల చీరలే, సన్నటి ఎర్రంచుతో.

మా ఊరి కళ్ళాల్లో పసుపు కొమ్ములు ఉడకబెట్టే ఆడవాళ్ళూ ఆ తెల్ల చీరలే కట్టేవాళ్ళు. పసుపు మరక పడేది. చవుటి మన్నుతో ఉతికితే ఆ మరక ఎర్రబడేది. కొత్త చీర కొన్నాళ్ళకే మసిగుడ్డ అయిపోయేది. మాగిన రేగుపండు రంగులో ముతక చీర నేస్తే ఆ రెండు మరకలూ అందులోనే కలిసిపోతాయి కదా అనుకున్నాను.

మగ్గానికి ఎక్కించే నిలువు దారాలే పడుగు. ప్రతి దారాన్నీ పాత దారం కొనకు అతకాలి. ఒక చీరకైనా పది చీరలకైనా ఆ పని అంతే. అందుకే మా అత్త ఒప్పుకోలేదు.

"ఒక్క చీరకు పడుగు ఎక్కిస్తారా ఎవురన్నా?"

"ఒకటే ఎక్కిద్దాం అత్తా. బాగుంటే అడుగుతారు. లేకుంటే నేనే కట్టుకుంటా."

"షావుకారికి తెలిస్తే నూలు ఇయ్యడు. ఏం తింటావు, ఆ చీరనా?"

"తెలియనీలే. నూలు నా పుట్టింటిది, మగ్గం మనది. ఆయప్పది ఏముండాది ఈడ?"

మీ తాత నవ్వాడు. "కోర్టులో వాదించేకి పోవాల్సిన మనిషి, ఈడ కండెలు చుడతాండావు."

నేను గొంతు పెంచి మాట్లాడింది లేదు. అట్లాగని ఊరుకున్నదీ లేదు. మీ తాత చీర నేసి ఇచ్చాడు. అది కట్టుకొని కళ్ళానికి పోయాను. శానా బాగుండాదన్నారు, కొంగు పట్టుకొని చూశారు. నాకొకటి కావాలని ఒక్కరూ అనలేదు.

ఇంటికొస్తే అత్త అడిగింది. "ఏమ్మే, నిన్ను ఎత్తుకోని ఊరేగించినారా?"

మళ్ళీ పోయాను. ఈసారి నేనే నోరు తెరిచాను. "కావాలంటే ఇప్పుడే బయానాగా కొన్ని జొన్నలు పొయ్యండి. అవి చూసి పడుగు ఎక్కిస్తాం." మెచ్చుకున్నవాళ్ళందరికీ ఉన్నట్టుండి పొయ్యిలో కట్టెలు ఎగదోసే పని గుర్తొచ్చింది. నేను ఒడి పట్టుకొని అక్కడే నిలబడ్డాను.

అప్పుడు వేరే ఊరి నుంచి కూలికొచ్చిన ఒక ముసలామె లేచింది. తన కూలి జొన్నలు కొంగు విప్పి నా ఒడిలో పోసింది.

"నాకొకటి నెయ్యి పాపా."

"ఈ రంగేనా అవ్వా?"

"ఏదైనా ఒకటే లే."

ఆమెను చూసి ఇంకొకామె వచ్చింది, ఆ వెనక మరికొందరు. నా ఒడి నిండింది. అత్త ఆ జొన్నలు చేటలో పోసి చాలాసేపు చెరిగింది. చివరకు అంది, "ఈసారి పొడుగు పడుగే ఎక్కించమను."

షావుకారుకు తెలిసింది. గడపలో నిలబడి, ఇక మీకు నూలు లేదు పొండన్నాడు. తలుపు చాటు నుంచే, "ఇయ్యొద్దులేప్పా" అన్నాను. మా ఇంటి కోడలు షావుకారుకు జవాబు చెప్పడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన నూలు మా మగ్గం ఎక్కలేదు. వచ్చిన జొన్నలతోనే నూలు కొనుక్కున్నాం, కష్టపడ్డాం, ఒక పూట తిని ఒక పూట మానుకున్నాం, కానీ మా చీర ఎవరు కట్టుకుంటున్నారో మా కళ్ళకు కనపడేది.

జొన్నలు పోసినవాళ్ళందరూ వచ్చి చీరలు తీసుకున్నారు, ముసలామె తప్ప. ఆమె గుంపు రాజంపేట వైపు కూలికి పోయిందన్నారు. అటు పోయే బండివాళ్ళందరిచేతా అడిగించాను. జాడ దొరకలేదు. ఆమె చీరను మాత్రం ఎవరికీ అమ్మలేదు.

ఆమెకు నిజంగా చీర కావాలా? లేక ఖాళీ ఒడి పట్టుకొని నిలబడిన నన్ను చూసి తన తిండిగింజలు నా ఒడిలో పోసిందా?