సగానికి శిక్షణ, సగానికి బస్సు

యాస్మిన్ తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పిల్లలకు ఇస్తున్న ఇంగ్లిష్ పరీక్ష శిక్షణ పనిచేస్తోందో లేదో తేల్చే బాధ్యత, లెక్క తెలిసిన మనిషని, ఆమె మీద పెట్టారు. ఆమె చీటీలు తీసి పిల్లల్ని రెండు సగాలు చేసింది. ఒక సగానికి శిక్షణ, రెండో సగానికి లేదు. మొదట్లోనూ చివర్లోనూ అందరికీ ఒకే పరీక్ష.

మార్కులు చూశాక ఆమెకు అన్నం సహించలేదు. రెండు సగాల మార్కులూ ఇంచుమించు ఒకేలా పెరిగాయి. శిక్షణ వల్ల ఒరిగిందేమీ లేదని రాసిస్తే ప్రిన్సిపాల్ మునిరామయ్య దాన్ని ఎత్తేస్తారు. బయట కోచింగ్‌కు పోగల పిల్లలు కారు వీళ్లు. ఆ ఆలోచనలో కూతురికి జడ బిగించి వేసింది. "నొప్పి అమ్మీ" అని పాప ఏడ్చింది.

మర్నాడు శిక్షణ లేని సగంలోని నాగవేణిని పిలిచింది. ఆ పిల్ల రోజూ కార్వేటినగరం నుంచి బస్సులో వస్తుంది.

"బయట ఎక్కడైనా నేర్చుకుంటున్నావా?"

"లేదు మేడం. శిక్షణకు పోయే రిహానా బస్సులో సెప్తాది. ఆడ సార్ సెప్పిందంతా సాయంత్రం మళ్లీ సెప్పకపోతే కిటికీ సీటు ఇయ్యం. ఇప్పుడు కండక్టరన్న గూడా టికెట్ ప్లీజ్ అంటాడు."

"చెప్పొద్దని నేను అన్లేదా?"

"అన్నారు మేడం. పక్కనే కూచోని ఎట్ల సెప్పకుండా ఉండేది?"

ఏర్పేడు బస్సులోనూ అదే తంతు. రెండు బీకర్లలో పోసి వేరు చేశాననుకుంది యాస్మిన్. సాయంత్రం రెండు సగాలవాళ్లూ కలిసే బస్సెక్కుతారని తట్టలేదు. మార్కులు మళ్లీ తిరగేసింది. శిక్షణ లేనివాళ్లలో జానీ బాషాలాగా నడిచి వచ్చేవాళ్లు కొందరున్నారు. వాళ్ల మార్కులు మాత్రం కదలలేదు.

అంతా ఉన్నదున్నట్టు రాసి ఇచ్చింది. మునిరామయ్య అంతా చదివి తలెత్తారు.

"ఏమ్మా, ప్రయోగం చెడిపోయిందని నువ్వే రాసినావే. ఇంతకీ పనిచేసినట్టా, లేనట్టా?"

"చేసినట్టే ఉంది సార్. కానీ నడిచొచ్చేవాళ్లు కొద్దిమందే. గట్టిగా చెప్పాలంటే ఇంకో ఏడాది చూడాలి."

"సూడు. అయితే సగం మందికే. మిగిలినోళ్లకు బస్సు ఉండాది గదా," అని ఆయన నవ్వారు.

యాస్మిన్‌కు నవ్వు రాలేదు.

"ఈసారి చీటీలు వద్దు సార్," అంది. "శిక్షణకు బస్సెక్కని వాళ్ల పేర్లు ముందు రాసుకుంటాను."